నోముకీ నోంబుకీ చుట్టరికం

ప్రశ్న: మా అబ్బాయి సింగపూర్‌లో ఓ ముస్లిం కుటుంబం ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాడు. వాళ్లింట్లో ఉర్దూ ముక్క వినపడదట, అంతా తమిళమే. పై ఫ్లాటులోని హిందువులూ, చర్చికి వెళ్లే ఎదురింటివాళ్లూ, వీళ్లూ కూడా "మేమంతా తమిళులం" అంటారట. మతాలు వేరైతే ఒక్కటెలా అవుతారు మాస్టారూ?
– ఓ తల్లి, రాజోలు

జవాబు: అమలాపురంలో రిటైరయ్యాక నేనూ మా ఆవిడా సింగపూర్‌లో అమ్మాయి దగ్గర ఆర్నెల్లున్నామమ్మా. సౌత్ బ్రిడ్జ్ రోడ్డులో మారియమ్మన్ గుడికి వెళ్తే నాలుగడుగుల్లోనే జమాయ్ చూలియా మసీదు. మసీదు 1826లో, గుడి 1827లో మొదలయ్యాయి. చూలియాలంటే కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కి వెళ్లిన తమిళ ముస్లింలు. నమాజుకి అరబ్బీ, బేరానికీ జోలపాటకీ తమిళం.

రంజాన్ రోజుల్లో కింది ఫ్లాటావిడ ఓ గిన్నెడు గంజి పంపింది. బియ్యం, పెసరపప్పు, మెంతులు, అల్లం వెల్లుల్లి. "నోంబు కంజి" అంది. నోంబంటే ఉపవాసం. మా ఆవిడ ఠక్కున "మన నోమే కదండీ!" అంది. నిజమే, రెండూ ఒకే మాట. ముప్పై ఏళ్లు వ్యాకరణం చెప్పిన నాకు తట్టలేదు, గంజి తాగుతూ ఆవిడకి తట్టింది! మసీదుని వాళ్లు పళ్లివాసల్ అంటారు. ఆ వాసల్ మన వాకిలికి చుట్టమే. తమిళ క్రైస్తవులకి గుడ్‌ఫ్రైడే 'పెరియ వెళ్లి', పెద్ద శుక్రవారం. ఎవరి దేవుణ్ణి వాళ్లు సొంత భాషలోనే పిలుచుకున్నారు.

అక్కడ తమిళం నాలుగు అధికార భాషల్లో ఒకటి. బళ్లో తమిళం పీరియడ్‌కి మూడు మతాల పిల్లలూ ఒకే గదిలో కూర్చుంటారు. అలాగని అంతా పాలూ నీళ్లలా కలిసిపోయారనుకోకండి. పెళ్లి మాటొస్తే ఎవరి గడప వాళ్లదే. పిల్లలు ఇంగ్లిషులో పడిపోతున్నారన్న బెంగ మాత్రం నేను చూసిన ప్రతి ఇంట్లోనూ ఉంది.

మనకి మాత్రం ఇది కొత్తా? పిఠాపురం ఉమర్ ఆలీషాగారు తెలుగులో పద్యాలూ నాటకాలూ రాశారు. మన కోరంగి రేవు పేరు మీదే బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలు అనేవారు. ఆ పేరులో ఏ దేవుడూ లేడు.

అన్నట్టు, వాళ్లు గంజి ఇస్తే గిన్నె ఖాళీగా తిరిగివ్వద్దని మీవాడికి చెప్పండి. ఆత్రేయపురం పూతరేకులు ఓ డబ్బా పంపండి.