మానసిక సమస్యల్లో సోషల్ వర్కర్ చేసేదేమిటి?

డాక్టర్ మందులు రాస్తారు, కౌన్సెలర్ మాట్లాడతారు, మరి నగరాల్లో సోషల్ వర్కర్ ఎందుకని అడిగారు.

మందు డిప్రెషన్‌కు పనిచేస్తుంది. మూడు నెలల అద్దె బాకీకి పనిచేయదు. సోషల్ వర్కర్ మనిషితో పాటు ఆ బాకీని కూడా చూస్తారు. ఇంటికి వెళ్తే ఆసుపత్రిలో కనపడనివి కనిపిస్తాయి: సగంలో ఆపేసిన మాత్రల అట్ట, విప్పకుండా పేరుకుపోయిన ఉత్తరాలు, పగలు కూడా వేసి ఉన్న కర్టెన్లు. మాత్రలు ఎందుకు మానేశారంటే చాలాసార్లు జవాబు చిన్నదే. మత్తుగా ఉండి డ్యూటీకి లేవలేకపోతున్నారు! ఆ మాట డాక్టర్‌కు చేరితే మోతాదో, వేళో మార్చవచ్చు. ఇంటి యజమానితో గడువు మాట్లాడటం, సాయానికి దరఖాస్తు పెట్టించడం, ఇంట్లోవాళ్లకు ఇది బద్ధకం కాదని నచ్చజెప్పడం కూడా వాళ్ల పనే.

2019లో ప్రపంచంలో ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి మానసిక సమస్య ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పక్క ఫ్లాట్‌లో ఎవరున్నారో తెలియని నగరంలో అది బయటపడటం ఇంకా కష్టం.

ఒక భయం మాత్రం వదిలేయండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడగండి, జవాబు పూర్తిగా వినండి. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్య సాయం అందేలా చూడండి.