నేలవేము మీద పీహెచ్‌డీ చేస్తే బతుకుదెరువు ఉంటుందా?

ప్రశ్న: మాది పుత్తూరు. మా అమ్మాయి తిరుపతిలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ఫైనలియర్. ఇమ్యూనిటీ పెంచే మొక్కల మీద పీహెచ్‌డీ చేస్తానని పట్టుబట్టింది. బంధువులేమో బీఈడీ చేయించి పెళ్లి చేసేయమంటున్నారు. ఈ లైనులో భవిష్యత్తు ఉందా?

జవాబు: ఉందండీ. పుత్తూరు కట్టు చూస్తూ పెరిగిన పిల్లకు ఆకుపసరు మీద ఆసక్తి కలగడంలో వింత కూడా లేదు. కాకపోతే ఆ ఆసక్తిని కాస్త దారిలో పెట్టాలి.

కరోనా తర్వాత ఇమ్యూనిటీ పొడులు, కషాయాలు వీధికొకటి వచ్చాయి. దాంతో రోగనిరోధక శక్తి ఎంత పెరిగితే అంత మంచిదని అందరూ నమ్ముతున్నారు. కానీ అదే శక్తి దారి తప్పి సొంత ఒంటి మీద పడితే రుమటాయిడ్ కీళ్లవాతం, లూపస్ లాంటి జబ్బులు వస్తాయి. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు ఎవరైనా తెలిస్తే ఏ మాత్ర వేసుకుంటున్నారో అడగండి. టాక్రోలిమస్ అని చెప్పే అవకాశం ఎక్కువ. 1984లో జపాన్‌లో మట్టిలోని ఒక బ్యాక్టీరియా నుంచి తీసిన సహజ పదార్థం అది. రోగనిరోధక వ్యవస్థలో దాడికి దిగే టీ కణాలను అణచిపెట్టి, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా చూస్తుంది. 2025 వైద్య నోబెల్ కూడా ఈ వ్యవస్థకు కళ్లెం వేసే రెగ్యులేటరీ టీ కణాల పరిశోధనకే వచ్చింది. అందుకే మీ అమ్మాయికి నా మాట ఒక్కటే: ముందు ఇమ్యునాలజీ, అంటే రోగనిరోధక శాస్త్రం, గట్టిగా నేర్చుకోవాలి, మొక్క సంగతి తర్వాత.

మన దగ్గర మొక్కల మీద వచ్చే థీసిస్‌లు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ఆకులు ఎండబెట్టడం, మెథనాల్‌లో సారం తీయడం, యాంటీఆక్సిడెంట్ గుణం చూసే డీపీపీహెచ్ పరీక్షలో ఊదా రంగు పోగానే 'పని చేసింది' అని పేపర్ రాసేయడం. టీ డికాషన్ పోసినా ఆ రంగు పోతుంది! ఇలాంటి పీహెచ్‌డీకి ఇంటర్వ్యూల్లో విలువ ఉండదు.

అసలు చిక్కులు కణాల దగ్గర మొదలవుతాయి. సారం వేయగానే మాక్రోఫేజ్‌లు (క్రిములను మింగే రక్షక కణాలు) వాపు తెప్పించే టీఎన్‌ఎఫ్ ప్రోటీన్ విడుదల చేశాయనుకోండి. అది మొక్క మహిమ కాకపోవచ్చు. సారంలో బ్యాక్టీరియా పైపొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే విషపదార్థం రవ్వంత ఉన్నా అదే ఫలితం వస్తుంది, ఒత్తిడిలో ఆవిరి పట్టించే మామూలు ఆటోక్లేవింగ్‌తో అది పూర్తిగా పోదు కూడా. అది ఉందో లేదో తెలియాలంటే ఎల్‌ఏఎల్ అనే పరీక్ష చేయాలి. ఎంటీటీ పరీక్షలో కణాలు బతికుంటే ఊదా రంగు వస్తుంది, కానీ మొక్కల్లోని పాలీఫినాల్స్ అనే రసాయనాలు, కణాలు లేకపోయినా ఆ రంగు తెప్పించగలవు. అందుకే పరీక్ష ప్లేటులో కణాలు లేని గుంతలో కూడా సారం వేసి చూడాలి. గైడ్‌ను కలిసినప్పుడు మీ అమ్మాయి ఈ రెండూ అడగాలి. అడిగినందుకు విసుక్కునే గైడ్ దగ్గర చేరకపోవడమే మంచిది.

పని ఎంతవరకు పోవాలో నేలవేమునే చూడండి. అందులోని ఆండ్రోగ్రాఫోలైడ్ అనే పదార్థం, వాపును రగిలించే జన్యువులను నడిపే ఎన్‌ఎఫ్-కప్పా-బి ప్రోటీన్ పీ50 భాగంలో 62వ స్థానంలోని సిస్టీన్‌కు అతుక్కుంటుందని తేల్చారు. ఏ అణువు, ఏ ప్రోటీన్, ఎక్కడ అన్నది చెప్పగలిగితే ఎస్వీ యూనివర్సిటీలో చేసినా, ఏర్పేడు దగ్గరి కేంద్ర సైన్స్ విద్యాసంస్థ ఐసర్‌లో చేసినా, హైదరాబాద్ పరిశోధన సంస్థ సీసీఎంబీలో చేసినా పీహెచ్‌డీకి బరువుంటుంది. ఇమ్యునాలజీకే ఢిల్లీలో ప్రత్యేక జాతీయ సంస్థ ఉంది, సహజ పదార్థాలకు లక్నోలో ఔషధ పరిశోధన సంస్థ సీడీఆర్‌ఐ ఉంది.

ఇక డబ్బు. ఫెలోషిప్ లేకుండా చేరనివ్వకండి, ఈ విషయంలో నేను మొండివాణ్ణే. ఫెలోషిప్ కోసం రాసే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో ఇప్పుడు మూడు కేటగిరీలు ఉన్నాయి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, పైన హెచ్‌ఆర్‌ఏ. మిగతా రెండింటిలో అర్హత వస్తుంది గానీ ఫెలోషిప్ రాదు. 'నెట్ వచ్చింది' అనగానే స్వీట్లు పంచకుండా ఏ కేటగిరీనో చూడండి. జేఆర్‌ఎఫ్‌కు వయసు పరిమితి 30, ఆడపిల్లలకు ఐదేళ్ల సడలింపు ఉంది.

పర్మనెంట్ ఉద్యోగానికి తొందర లేదు అనుకుంటేనే ఈ దారి. పీహెచ్‌డీ ఐదేళ్లు, తర్వాత పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. యూనివర్సిటీ పోస్టులు ఎప్పుడు పడతాయో దేవుడికే తెలియాలి. అందుకే ఎలైసా, ఫ్లో సైటోమెట్రీ, సెల్ కల్చర్, హెచ్‌పీఎల్‌సీ లాంటి ల్యాబ్ పనులు చేతికి బాగా పట్టాలి. హైదరాబాద్ వ్యాక్సిన్, బయోటెక్ కంపెనీలు చూసేది వాటినే.

పెళ్లి మీ ఇంటి విషయం. యూజీసీ నిబంధనల్లో మహిళా స్కాలర్లకు రెండేళ్ల అదనపు గడువు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉన్నాయని మాత్రం అటువైపు వాళ్లకు ముందే చెప్పండి.

అన్నట్టు, ఎర్రచందనం మీద చేద్దామని ఎవరైనా ఊరిస్తే తొందరపడొద్దు. శేషాచలం అడవి నుంచి బెరడు ముక్క తేవాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. ఆ కాగితాలు ఎవరు తెస్తారో టాపిక్ ఖరారు చేయకముందే గైడ్‌తో తేల్చుకోమనండి.