మోడల్ రైళ్ల మిత్రులు రోజూ అంతసేపు ఏం మాట్లాడుకుంటారు?

పదవీ విరమణ చేశాక మీ నాన్నగారు ఇంట్లో చిన్న రైళ్ల నమూనాలు పెట్టుకున్నారనీ, పొద్దున్నే ఆ అభిరుచి గల మిత్రులతో ఫోనులో మొదలైన మాటలు రాత్రి దాకా సాగుతూనే ఉంటాయనీ, రోజూ మాట్లాడుకోవడానికి అందులో ఏముంటుందో అర్థం కావడం లేదనీ రాశారు. ఆయన పుట్టినరోజుకు ఏం కొనిస్తే బాగుంటుందో కూడా అడిగారు. నేను తిరుపతిలో ఉంటాను. ఇదే అభిరుచి గల రేణిగుంట, పాకాల, చిత్తూరు మిత్రులతో చాలా కాలంగా రోజూ మాట్లాడుతున్నవాణ్ణి కనుక నాకు తెలిసినంతలో చెబుతాను.

ఈ పని ఏళ్ల తరబడి సాగుతుంది, అదీ ఎవరి గదిలో వారు ఒంటరిగా చేసుకునే పని. రైలు కొనుక్కుని పట్టాల మీద తిప్పడంతో అయిపోదు. స్టేషను, గుట్టలు, చెట్లు, సిగ్నళ్లు, పైన వేలాడే కరెంటు తీగలు, చివరికి బోగీల మీది అక్షరాలు కూడా ఒకే కొలతకు కుదించి తయారు చేసుకోవాలి. తిరుపతిలో గాని చిత్తూరులో గాని వీటి విడిభాగాలకంటూ ఒక దుకాణం నా కంటపడలేదు, నేర్పేవారు అంతకన్నా లేరు. అందువల్ల దుకాణమూ, బడీ, పనిని సరిచూసే మేస్త్రీ అన్నీ మాకు ఆ రోజువారీ మాటలే. మీ నాన్నగారు ఫోను పట్టుకుని కూర్చుంటే పని మానేసి కబుర్లలో పడ్డారని అనుకోకండి, ఆయన పనిలో సగం అక్కడే జరుగుతోంది.

మా మాటలు "ఏం సామీ, బండి నడిచిందా?" అన్న పలకరింపుతో మొదలవుతాయి. నిన్న రాత్రి ఎవరి పని ఎక్కడ ఆగిందో అందరికీ గుర్తుంటుంది కనుక ఆ ప్రశ్నకు ఒక్కొక్కరి దగ్గర ఒక్కో జవాబు వస్తుంది. ఆ తరువాత ఎవరో ఒకరు అసలు రైలు ఫోటో పెడతారు. రేణిగుంట మిత్రుడు ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని వెళ్లి, వచ్చిన డబ్ల్యూఏపీ-7 రకం కరెంటు ఇంజను లాలాగూడ షెడ్డుదా, ఈరోడ్‌దా, రాయపురానిదా అన్నది కూడా చూసి రాస్తాడు. బయటివారికి అది అక్కరలేని వివరంగా కనిపించవచ్చు గాని, ఆ ఫోటోలో మేము వెతికేవి వేరు. చక్రాల దగ్గర బ్రేకు పొడి ఏ రంగులో పేరుకుంది, కిటికీల కింద వాననీటి చారలు ఎంతవరకు దిగాయి, పైకప్పు మీద మసి ఎక్కడ చిక్కగా ఉంది అన్నవి చూసుకుంటాం. సాయంత్రానికి ఆ రంగులనే ఎవరో ఒకరు సుద్దముక్కల పొడితో మెత్తని కుంచె పట్టుకుని తమ చిన్న బోగీకి అద్దుతారు. పెట్టెలోంచి తీసిన మోడల్ తళతళలాడుతుంది, మన ఎండలో వానలో తిరిగిన బండి అలా ఉండదు. ఆ తేడాను పోగొట్టడానికి ఫోటోలు కావాలి.

మా మధ్య ఎక్కువ కాలం సాగే చర్చ రైలు పొడవు గురించి. మన దేశంలో చాలామంది ఎంచుకునే కొలత హెచ్‌ఓ, అంటే అసలు వస్తువులో 87వ వంతు. ఇప్పటి కొత్త రకం ఎల్‌హెచ్‌బీ బోగీ ఒకటి కప్లింగులతో కలిపి దాదాపు 24 మీటర్లు ఉంటుంది కాబట్టి హెచ్‌ఓలో అది 27 సెంటీమీటర్లు దాటుతుంది. ఇరవై నాలుగు బోగీల రైలు కట్టాలంటే ఇంజను కాకుండానే ఆరున్నర మీటర్లకు పైగా కావాలి, మన ఇళ్లలోని మామూలు పడకగది పొడవు అందులో దాదాపు సగమే ఉంటుంది. కనుక ఐదారు బోగీలతో సరిపెట్టుకోవాలి, అసలు చిక్కంతా ఏ ఐదు అన్న దగ్గరే వస్తుంది. నారాయణాద్రిని ఐదు బోగీల్లో చూపించాలంటే స్లీపర్లు ఎన్ని, ఏసీ ఒకటా రెండా, జనరల్ బోగీ తీసేస్తే అది మన రైలులా కనిపిస్తుందా అని వారాల తరబడి మాట్లాడుకున్నాం. చిత్తూరు మిత్రుడికి వెంకటాద్రి అంటే ప్రాణం, అది వాళ్ల ఊళ్లో బయలుదేరి కాచిగూడ వెళ్లే బండి. జనరల్ బోగీ లేని వెంకటాద్రిని తాను చేయనని ఆయన తెగేసి చెప్పాడు. నాకు ఆయన మాటే సరైనదనిపిస్తుంది, ఎందుకంటే ఆ రైలును రైలుగా గుర్తుపట్టేది అందులో ఎక్కే జనాన్ని బట్టే.

2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ మొదలైనప్పుడు మాటలన్నీ దాని ముక్కు చుట్టూ తిరిగాయి. అట్ట మడిచి పాత నీలం బోగీని చేయవచ్చు గాని, అన్ని వైపులకూ వంపు తిరిగిన ఆ ముక్కు అట్టతో రాదు. మాలో ఒకరు శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాల కొయ్యబొమ్మల పనివారి దగ్గరకు ఫోటోలు, కొలతలు తీసుకువెళ్లి ముక్కు అచ్చును చెక్కతో చెక్కించుకుని వచ్చారు. పలుచని ప్లాస్టిక్ రేకును వేడిగాలితో మెత్తబరచి ఆ చెక్క అచ్చు మీద లాగి పట్టుకుంటే రేకు వంపులన్నీ పట్టుకుని గట్టిపడుతుంది, అంచులు కత్తిరించుకుంటే ముక్కు సిద్ధం. తరతరాలుగా దేవతామూర్తులు చెక్కిన చేతులు ఆ పని చేశాయని విన్నప్పుడు మేమంతా ఎంతో సంతోషించాం. చెక్క ఎంత నున్నగా ఉండాలి, రేకు ఎంత మందం ఉండాలి అన్నవి రోజుకు కొంచెం కొంచెంగా ఆ మాటల్లోనే తేలాయి.

పట్టాల వెడల్పు గురించిన వాదం ఇంకా పాతది. మన బ్రాడ్ గేజ్ 1,676 మిల్లీమీటర్లు, 87వ వంతుకు కుదిస్తే 19 మిల్లీమీటర్లకు కాస్త పైన రావాలి. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా మాత్రం 16.5 మిల్లీమీటర్లే, ఎందుకంటే అది యూరపు, అమెరికాల్లో వాడే 1,435 మిల్లీమీటర్ల గేజ్‌కు తగినట్టు చేసినది. దాని మీద మన బోగీని పెడితే కింది భాగం ఇరుకుగా కనిపిస్తుంది. పట్టాలు తామే వేసుకుని, చక్రాలు మార్చుకుని సరైన వెడల్పు తెచ్చుకునేవారు కొందరు ఉన్నారు, పక్కనుంచి చూస్తే తెలియదు కదా అని వదిలేసేవారే ఎక్కువ. కొత్తగా మొదలుపెట్టినవారు రెండో దారిలో వెళ్లడం మంచిదని నా అభిప్రాయం, చక్రాలతో పట్టాలతో ఏళ్లు గడిపి స్టేషను కట్టకుండానే విసిగిపోవడం కన్నా అది నయం. పాకాల మిత్రుడిది ఇంకో దారి. 1890ల తొలినాళ్లలో ఈ ప్రాంతానికి వచ్చిన మీటర్ గేజ్ బండ్లు పాకాల–ధర్మవరం మార్గంలో 2000 తరువాత కూడా కొన్నేళ్లు నడిచాయి, ఆయన బాల్యమంతా ఆ బండ్లతోనే గడిచింది. మీటర్ గేజ్‌ను 87వ వంతు చేస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు వస్తుంది, యూరపులో ఆ కొలతకు 12 మిల్లీమీటర్ల పట్టా దొరుకుతుంది కనుక ఆయనకు గేజ్ దాదాపు అచ్చంగా కుదిరిపోయింది. పాత పాకాల జంక్షనులో నీళ్ల గొట్టం ఎక్కడుండేది, ప్లాట్‌ఫారం మీద ఏ చెట్లుండేవి అని ఆయన అడిగితే, తమ ఇళ్లలోని పెద్దవాళ్లను అడిగి జవాబు తెచ్చేవారు మా గుంపులో ఉన్నారు. ఆ ఊరి రైల్వే జ్ఞాపకం ఇలా పోగవుతోంది, అది నాకు మోడల్ కన్నా విలువైనదిగా తోస్తుంది.

గుట్టలు, చెట్లు, కంకర గురించి చెప్పాలంటే అంతు ఉండదు. బీరపీచు, కొబ్బరి పీచు, రంగు వేసిన రంపపు పొట్టు, వేరుశనగ తొక్కల పొడి అన్నీ పనికొస్తాయి. పట్టాల మధ్య కంకర వేయడం మాత్రం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ నాన్నగారు త్వరలో ఆ పనికి వస్తారు. ఇసుకను టీ వడగట్టే జల్లెడతో జల్లించి, ఒకే పరిమాణపు రేణువులను పట్టాల మధ్య పోసి చిన్న కుంచెతో సర్దాలి. తరువాత గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క కలిపిన నీటిని మంచులా చల్లి, ఇసుక తడిసిన వెంటనే సగానికి సగం నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను మందుచుక్కలు వేసే డ్రాపరుతో చుక్కలు చుక్కలుగా వేయాలి. సబ్బు చుక్క లేకపోతే జిగురు ముత్యాల్లా పైనే నిలిచిపోతుంది. నది ఇసుక వాడేటట్లయితే ముందుగా దాని మీద అయస్కాంతం తిప్పడం తప్పనిసరి. స్వర్ణముఖి ఇసుకలో నల్లని ఇనుప రేణువులు అయస్కాంతానికి అంటుకోవడం మీరు కూడా చూడవచ్చు. అవి పట్టాల మీద ఉండిపోతే ఇంజను మోటారులోని అయస్కాంతం లాక్కుంటుంది, పళ్లచక్రాలు అరిగిపోతాయి. ఒక పట్టా రెండుగా చీలే చోట ఉండే పాయింట్ల కదిలే నాలుకల దగ్గర జిగురు పడకూడదన్న హెచ్చరికను మేము కొత్తవారికి ఎన్నిసార్లయినా చెబుతాం.

ఇక రోజూ వినబడే ఫిర్యాదు బోగీ పట్టా తప్పడం. అన్ని బోగీలూ ఒకే చోట తప్పితే లోపం పట్టాలో ఉంది, ఒకే బోగీ అన్ని చోట్లా తప్పితే లోపం ఆ బోగీ చక్రాల్లో ఉంది. ఈ ఒక్క సూత్రంతో సగం వెతుకులాట తగ్గుతుంది. పట్టా అనుమానమైతే అతుకు మీద గోరు నడిపించి చూడాలి, కన్ను గుర్తుపట్టని మెట్టును గోరు గుర్తుపడుతుంది. చక్రాలు అనుమానమైతే ఒకే ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం కొలవాలి, హెచ్‌ఓలో అది దాదాపు 14.4 మిల్లీమీటర్లు ఉండాలి. మూడో కారణం బరువు. అమెరికాలో 1935లో ఏర్పడిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ సిఫారసు ప్రకారం హెచ్‌ఓ బోగీకి మొదట 28 గ్రాములు, ఆపైన పొడవులో ప్రతి అంగుళానికి 14 గ్రాములు ఉండాలి. ఐసీఎఫ్ అనే పాత రకం బోగీ హెచ్‌ఓలో సుమారు 24.5 సెంటీమీటర్లు కనుక దాని బరువు 165 గ్రాముల దగ్గర ఉండాలి. ఇంట్లో అట్టతో చేసుకున్న బోగీ అందులో సగం కూడా తూగదు. ఇనుప వాషర్లను లోపల, వీలైనంత కిందికి, మధ్యలో కాకుండా రెండు చివర్ల చక్రాల చట్రాల పైన సమంగా అంటిస్తే అదే బండి అదే మలుపులో నిలకడగా నడుస్తుంది.

కరెంటు సంగతి క్లుప్తంగా చెబుతాను. పాత పద్ధతిలో పట్టాలకు 12 వోల్టుల దాకా డీసీ ఇచ్చి, వోల్టేజీతో వేగాన్ని, ధ్రువాలు మార్చి దిశను నియంత్రిస్తారు. డీసీసీ అనే డిజిటల్ పద్ధతిలో ప్రతి ఇంజనులో పట్టాల గుండా వచ్చే ఆదేశాలను అందుకునే ఒక డీకోడరు, దానికొక చిరునామా అంకె ఉంటాయి. కొత్త ఇంజను సాధారణంగా 3 అన్న అంకెతో వస్తుంది, దాన్ని మార్చడం మొదటి పాఠం. మన ఊరి వాతావరణం కూడా రోజువారీ మాటల్లోకి వస్తుంది. మూడు మీటర్ల నికెల్ సిల్వర్ పట్టా ఇరవై డిగ్రీల తేడాకు దాదాపు ఒక మిల్లీమీటరు సాగుతుంది కాబట్టి వేసవికి అతుకుల్లో ఖాళీ వదలాలి. ఈశాన్య రుతుపవనాల తేమకు ప్లైవుడ్డు ఉబ్బకుండా అడుగువైపు కూడా రంగు వేయాలి.

ఈ మాటల తీరు గురించి కూడా మీకు తెలియాలి. మా దగ్గర ఎవరి పనినీ "ఇది తప్పు" అని కొట్టిపారేయరు, "పక్కనుంచి ఇంకో ఫోటో పెట్టండి సార్, చూద్దాం" అంటారు. వయసులో పెద్దవారు సార్, మిగిలినవారు అన్న లేదా తమ్ముడు, ఇంజినీరింగ్ చదివే కుర్రవాడు కూడా డీకోడర్ల విషయంలో అందరికీ గురువే. పూర్తయిన స్టేషను ఫోటోకు వచ్చే మెచ్చుకోలు కన్నా, సగంలో ఆగిన పని ఫోటోకు వచ్చే ప్రశ్నలు ఎక్కువ. మధ్యమధ్య పిల్లల పరీక్షలు, మోకాళ్ల నొప్పులు, కొండకు వచ్చిన చుట్టాలు కూడా వస్తాయి, అలా రావడమే మంచిది. రెండు రోజులు ఎవరైనా పలకకపోతే మూడో రోజు ఎవరో ఒకరు ఫోను చేసి క్షేమం కనుక్కుంటారు. పదవీ విరమణ చేసినవారికి ఇది ఎంత అవసరమో నేను దగ్గరగా చూశాను.

పుట్టినరోజు కానుకగా ఇంజను మాత్రం కొనకండి. ఏ కొలత, ఏ కాలపు రైళ్లు, డీసీనా డీసీసీనా అన్నవి ఆయన మనసులో ఇప్పటికే ఏర్పడి ఉంటాయి, అది ఆయన ఎంపికగానే ఉండనివ్వండి. దిగుమతి సుంకం, కొరియరు ఖర్చు కలిస్తే ధర కూడా బాగా పెరుగుతుంది. దాని బదులు మిల్లీమీటరులో నూరో వంతు చూపించే డిజిటల్ వెర్నియర్ కాలిపర్, సన్నని మొన గల పట్టకారు, పట్టాలు తుడవడానికి ఒక సీసా ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చేతులు రెండూ ఖాళీగా ఉండేలా తలకు కట్టుకునే భూతద్దం కలిపి ఇవ్వండి. ఆల్కహాల్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచాలనీ, అది ఆరేదాకా పట్టాలకు కరెంటు ఇవ్వకూడదనీ ఆయనకు గుర్తు చేయండి. ఇంకొంచెం ఖర్చు పెట్టగలిగితే ఆయనను పూణె తీసుకువెళ్లండి. అక్కడ భావూ జోషీ గారి చిన్న రైళ్ల మ్యూజియం 1998 నుంచి నడుస్తోంది, మీ నాన్నగారి పక్కన నిలబడి ఒక ప్రదర్శన పూర్తిగా చూడండి.