ఆటా వినబడాలి, మన మాటా వినబడాలి

ప్రశ్న: నమస్తే అన్నా. నాది కాజీపేట, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న. చిన్నప్పటి నుంచి చూపు లేదు. కంప్యూటర్ మీద ఎన్‌వీడీఏతో (తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్) పనిచేస్తా, చెవులతోనే ఆడే ఆడియో గేమ్స్ మస్తు ఆడతా. ఏ గేమ్ ఎట్లుంటదో తెలుగులో చెప్పేటోళ్లు నాకు దొరకలేదు, అందుకే నేనే రివ్యూలు చేద్దామనుకున్న. కానీ రికార్డు చేస్తే గేమ్ సౌండ్ ఒక్కటే వస్తది, లేకుంటే నా గొంతు ఒక్కటే వస్తది. స్పీకర్లు పెద్దగా పెట్టి ఫోన్‌తో రికార్డు చేస్తే రెండూ వచ్చినయి గానీ బావిలోంచి మాట్లాడినట్టుంది. కొత్త మైక్ కొనాల్నా, సౌండ్ కార్డు కొనాల్నా?
– ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: తమ్ముడూ, ఇప్పుడే ఏమీ కొనకు. నీ ల్యాప్‌టాప్, వైరున్న మామూలు ఇయర్‌ఫోన్ చాలు. నేనూ స్క్రీన్ రీడర్‌తోనే పనిచేస్తాను కాబట్టి ఇక్కడ చెప్పేవన్నీ కీబోర్డుతో చేసుకోగలిగినవే.

ముందు ఆ బావి సంగతి. స్పీకర్లోంచి వచ్చిన సౌండ్ గోడలకు తగిలి మళ్లీ ఫోన్‌లోకి పోతుంది, బావిలా వినబడేది అదే. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. ఆడియో గేమ్‌లో కుడి, ఎడమ అనేవే మనకు కళ్లు. 2021లో వచ్చిన ‘ది వేల్’ లాంటి గేమ్‌లో శత్రువు ఏ పక్క నుంచి వస్తున్నాడో చెవితో పట్టుకునే కత్తి తిప్పాలి. ఆ సౌండంతా ఒక్క ఫోన్ మైక్‌లోకి పోతే కుడీ లేదు, ఎడమా లేదు. నీ రివ్యూ వినేవాడికి కావలసింది అదే కదా, ఈ గేమ్‌లో దిక్కులు స్పష్టంగా తెలుస్తాయా లేదా అని. అది పోయాక నువ్వు ఎంత బాగా మాట్లాడినా అతనికి సగమే అందుతుంది.

ఇక రెండూ ఒకేసారి ఎందుకు రావడం లేదంటే, కంప్యూటర్ లెక్కలో గేమ్ సౌండ్ బయటికి పోయేది, నీ గొంతు లోపలికి వచ్చేది. ఆడాసిటీ లాంటి రికార్డర్ ఒకసారికి ఒక్క పరికరాన్నే తీసుకుంటుంది, మైక్ అంటే మైకే. కొన్ని ల్యాప్‌టాపుల్లో, కంప్యూటర్‌లో మోగేదాన్నే రికార్డుకు ఇచ్చే స్టీరియో మిక్స్ అని ఒకటి ఆపేసి ఉంటుంది, దాన్ని ఆన్ చేసి, మైక్ ప్రాపర్టీస్‌లో ‘లిసన్ టు దిస్ డివైస్’ టిక్కు పెడితే రెండూ కలిసి వస్తాయి. చాలామంది చెప్పే చిట్కా ఇదే, నేనైతే వద్దంటాను. నీ గొంతు నీకే కాస్త ఆలస్యంగా చెవుల్లో మోగి మాట తడబడుతుంది. పైగా రెండూ కలిసిపోయాక గేమ్ ఎక్కువైందనో గొంతు తక్కువైందనో సరిచేయడానికి వీలుండదు. పాలూ నీళ్లూ కలిపాక విడదీయడానికి మన దగ్గర హంస లేదు. కాబట్టి మొదటి నుంచీ రెండిటినీ రెండు ట్రాకుల్లో పెట్టు, కలపడం తర్వాత చూసుకుందాం.

దీనికి ఓబీఎస్ స్టూడియో వాడు, ఉచితం. వీడియో వాళ్ల సాఫ్ట్‌వేర్ అని వదిలేయకు, వీడియో నల్లగా ఉన్నా మనకేం పట్టింపు లేదు. సెట్టింగ్స్‌లో ఆడియో దగ్గర డెస్క్‌టాప్ ఆడియో, మైక్ రెండూ సరైన పరికరాలకే ఉన్నాయా చూడు. తర్వాత ఔట్‌పుట్‌లో మోడ్‌ను అడ్వాన్స్‌డ్ చేసి, రికార్డింగ్ ట్యాబ్‌లో ఆడియో ట్రాక్ 1, 2 రెండిటికీ టిక్కు పెట్టు (మొత్తం 6 ట్రాకులు ఉంటాయి, మనకు 2 చాలు). అదయ్యాక ఎడిట్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌కు పోయి, డెస్క్‌టాప్ ఆడియోకు 1 మాత్రమే, మైక్‌కు 2 మాత్రమే ఉంచి మిగతా టిక్కులన్నీ తీసెయ్. అక్కడే మైక్‌కు మోనో అని ఉంటుంది, అదీ పెట్టు, లేకపోతే కొన్ని మైకుల్లో నీ గొంతు ఒక్క చెవిలోనే వస్తుంది. ఫైల్ ఫార్మాట్ ఎంకేవీ ఉంచుకో, రికార్డింగ్ మధ్యలో కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోయినా అప్పటిదాకా అయింది దక్కుతుంది. రికార్డింగ్ మొదలుపెట్టడానికీ ఆపడానికీ హాట్‌కీస్‌లో గేమ్ వాడని కీ ఒకటి ఇచ్చుకో. తర్వాత ఆ ఫైల్‌ను ఆడాసిటీలో తెరిస్తే ఏ ట్రాకు కావాలని అడుగుతుంది, రెండూ తీసుకో. ఎంకేవీ తెరవాలంటే ఆడాసిటీకి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే లైబ్రరీ వేరుగా వేసుకోవాలి, అది మరిచిపోయి ఫైల్ పాడైందనుకునేవాళ్లున్నారు.

ల్యాప్‌టాప్ పాతదై ఓబీఎస్ మొరాయిస్తే ఇంకో దారి ఉంది. ఆడాసిటీలో షిఫ్ట్ హెచ్ కొట్టి హోస్ట్‌ను విండోస్ వసాపి చెయ్, షిఫ్ట్ ఐ కొట్టి రికార్డింగ్ పరికరంగా నీ ఇయర్‌ఫోన్ పేరు పక్కన లూప్‌బ్యాక్ అని ఉన్నది ఎంచుకో. గేమ్ సౌండ్ నేరుగా, కుడి ఎడమలతో సహా రికార్డవుతుంది. నీ గొంతును ఫోన్ రికార్డర్‌లో వేరుగా పట్టు. రెండూ మొదలుపెట్టాక ఇయర్‌ఫోన్‌ను ఫోన్ మైక్‌కు ఆనించి, గేమ్‌లో ఏదైనా పదునైన టిక్కు శబ్దం ఒకసారి వినిపించు. అది రెండు ఫైళ్లలోనూ ఉంటుంది కాబట్టి తర్వాత దాని మీదే జరిపి కలిపేయొచ్చు. ఒక జాగ్రత్త: కంప్యూటర్‌లో ఏ సౌండూ లేనప్పుడు లూప్‌బ్యాక్ రికార్డింగ్ కదలదు, అంతసేపు టైం పోయి ట్రాకు పొట్టిదవుతుంది. ఏదైనా ప్లేయర్‌లో నిశ్శబ్దంగా ఉన్న ఫైల్ ఒకటి రిపీట్‌లో పెట్టి ఉంచితే ఆ బాధ ఉండదు.

ఇప్పుడు చెప్పేవి శ్రద్ధగా విను, ఇవి చెప్పాపెట్టకుండా పనిని పాడుచేస్తాయి. బ్లూటూత్ హెడ్‌సెట్ వద్దు. దాని మైక్ ఆన్ కాగానే అది ఫోన్‌కాల్ పద్ధతిలోకి మారి గేమ్ సౌండ్ మోనోగా, డొల్లగా అయిపోతుంది. నేను ఒకసారి నలభై నిమిషాలు ఆడి, మాట్లాడి, చివర్లో వింటే అంతా టెలిఫోన్‌లో విన్నట్టే ఉంది, మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది. విండోస్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో ఆన్ ఉందేమో చూడు, ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకునే అలవాటున్నవాళ్లు దాన్ని ఆన్ చేసి మరిచిపోతుంటారు. ఎన్‌వీడీఏ 2024.2 నుంచి సౌండ్ స్ప్లిట్ అని వచ్చింది, ఎన్‌వీడీఏ కీ, ఆల్ట్, ఎస్ కలిపి కొడితే స్క్రీన్ రీడర్ ఒక చెవిలో, మిగతావన్నీ ఇంకో చెవిలో. రోజువారీ పనికి చక్కని సదుపాయం, కానీ రికార్డింగ్‌లో అది ఆన్ ఉంటే గేమ్ మొత్తం ఒక్క పక్కకే పోతుంది, ఆపేసి కూర్చో. పాత సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో కమ్యూనికేషన్స్ ట్యాబ్‌లో ‘డు నథింగ్’ పెట్టు, లేకపోతే ఏదైనా యాప్‌లో కాల్ మొదలవగానే విండోస్ గేమ్ సౌండ్‌ను 80 శాతం తగ్గించేస్తుంది.

మైక్ నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు, నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి. ప, ఫ అన్నప్పుడు గాలి కొట్టకుండా ఉంటుంది. నువ్వు గట్టిగా మాట్లాడినప్పుడు లెవెల్ మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య తగలాలి, సున్నా తాకితే గొంతు చిట్లుతుంది, దాన్ని తర్వాత ఎవరూ బాగుచేయలేరు. ముందు ఒక్క నిమిషం రికార్డు చేసి విను. ఈ ఒక్క నిమిషం ఓపిక ఉన్నవాళ్లకు మిగతాదంతా సాఫీగా జరుగుతుంది.

కలపడంలో నీ గొంతు మోనో ట్రాకు కాబట్టి సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది, గేమ్ శబ్దాలు ఇరుపక్కలా తిరుగుతుంటాయి, ఒకదాన్నొకటి తొక్కవు. ఆడాసిటీలో గేమ్ ట్రాకు పైన, గొంతు ట్రాకు దాని కిందే ఉంచి, గేమ్ ట్రాకును ఎంచుకొని ఆటో డక్ కొడితే నువ్వు మాట్లాడినప్పుడల్లా గేమ్ తనంతట తాను తగ్గుతుంది. కానీ తమ్ముడూ, అసలు శత్రువు అడుగులు వినబడే చోట నువ్వే ఆగు. పది సెకన్లు మాట్లాడకు. గేమ్‌ను విననివ్వు, తర్వాత చెప్పు. రివ్యూల్లో నాకు నచ్చనిది ఒక్కటే, గేమ్ అంతసేపూ మీద మీద మాట్లాడడం.

ప్రశ్న: ఫోన్‌లో గొంతు, ల్యాప్‌టాప్‌లో గేమ్ వేరువేరుగా రికార్డు చేసి కలుపుతున్నాను. మొదట్లో సరిగ్గానే ఉంటుంది, అరగంట దాటాక నా మాట వెనకబడుతోంది. కారణం ఏమిటి?
– ఒక పాఠకురాలు, జమ్మికుంట

జవాబు: ఫోన్‌లో గడియారం వేరు, ల్యాప్‌టాప్‌లో గడియారం వేరు, రెండూ ఒక్కతీరుగా నడవవమ్మా. సెకనులో వెంట్రుకవాసి తేడా అరగంటకు చెవికి తెలిసేంత అవుతుంది. రెండిటిలోనూ శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ లెక్క) 48000 పెట్టండి. అయినా కొద్దిగా తేడా మిగులుతుంది, అందుకని పది పది నిమిషాల ముక్కలుగా చేసి, ప్రతి ముక్క మొదట్లో ఆ టిక్కు శబ్దం కొత్తగా ఇవ్వండి.

ప్రశ్న: ఎండాకాలంలో కూలర్ ఆపితే ఇంట్లో ఉండలేం, ఆపకపోతే రికార్డింగ్‌లో హోరు. మా ఇల్లు రైల్వే లైను పక్కనే. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: వరంగల్ మే నెల నాకూ తెలుసు. తెల్లవారుజామున చేసుకోండి, నేను నాలుగున్నరకు లేచి చేస్తాను, వీధి కూడా ఆ టైంలో పడుకునే ఉంటుంది. కూలర్ ఆపి పావుగంట ముక్కలు చేసి మళ్లీ వేసుకోండి. ఎదురుగా గోడ కాకుండా పరుపో, మందపాటి దుప్పటి వేలాడేసిన దండెమో ఉంటే గొంతు దగ్గరగా వస్తుంది. మొదలుపెట్టే ముందు ఐదు సెకన్లు ఏమీ మాట్లాడకుండా వదలండి, ఆ ఖాళీ భాగాన్ని ఆడాసిటీలోని నాయిస్ రిడక్షన్‌కు నమూనాగా ఇస్తే ఒకే తీరుగా ఉన్న హోరు తగ్గుతుంది. గొంతు ట్రాకు మీద మాత్రమే చేయండి, గేమ్ ట్రాకు జోలికి పోవద్దు, గేమ్‌లోని గాలి, వాన కూడా హోరే అనుకొని తినేస్తుంది. రైలు కూత మాత్రం దీనికి లొంగదు. బండి పోయేదాకా ఆగి, ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చెప్పండి.

ప్రశ్న: రివ్యూలో స్క్రీన్ రీడర్ గొంతు ఉండాలా, తీసేయాలా? మా దోస్తులు తీసేయమంటున్నారు.
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: ఉంచండి. చాలా ఆడియో గేమ్స్ మెనూలను ఎన్‌వీడీఏ ద్వారానే పలికిస్తాయి, అది తీసేస్తే గేమ్‌లో సగం మాయమవుతుంది. మెనూ పూర్తిగా చదువుతుందా, బటన్ల పేర్లు పలుకుతుందా అన్నది కొనేవాడికి అన్నిటికన్నా ముందు తెలియాలి. కాకపోతే మనం అలవాటుపడ్డ స్పీడు కొత్తవాళ్లకు అర్థం కాదు, రికార్డింగ్‌కు బాగా తగ్గించండి, మెసేజీల నోటిఫికేషన్లు ఆపేయండి. ఇంగ్లిష్ మెనూ చదివిన వెంటనే దాని అర్థం తెలుగులో ఒక్క ముక్కలో చెబితే, ఇంగ్లిష్ అంతగా రాని పదో తరగతి పిల్లవాడు కూడా ఆ గేమ్ ఆడగలుగుతాడు. తెలుగులో రివ్యూ చేయడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు కనబడదు.

ప్రశ్న: గేమ్ సౌండ్ పెడితే కాపీరైట్ టెన్షన్ ఉంటుందా?
– ఒక పాఠకురాలు, హుజూరాబాద్

జవాబు: మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విమర్శ, సమీక్ష కోసం న్యాయంగా వాడుకోవడానికి వీలుంది. అంటే చెప్పే మాటకు అవసరమైనంత ముక్కే పెట్టడం. గేమ్ మొదటి నుంచి చివరిదాకా పెట్టేస్తే అది సమీక్ష అనిపించుకోదు. కథలో చివరి మలుపు కూడా చెప్పేయకండి, తయారుచేసినవాళ్ల కష్టం అది.

ప్రశ్న: నాకు కంప్యూటర్ లేదు, ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే ఆడతాను. ఫోన్‌లో రెండూ వస్తాయా? వాట్సాప్‌లో పంపితే బాగుండడం లేదు.
– ఒక పాఠకుడు, ములుగు

జవాబు: వస్తాయి. ఆండ్రాయిడ్ 11 నుంచి స్క్రీన్ రికార్డర్‌లో డివైస్ ఆడియో, మైక్రోఫోన్ రెండూ కలిపి తీసుకునే వీలుంది. రెండు ట్రాకులుగా రావు, కాబట్టి గేమ్ వాల్యూం ముందే తగ్గించి, ఒక నిమిషం చేసి విని, అప్పుడు అసలుది మొదలుపెట్టండి. ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్ గొంతు చాలాసార్లు అందులో పడదు, అది చదివింది మీరే చెప్పాల్సి ఉంటుంది. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపకండి, కుడి ఎడమలు అక్కడే పోతాయి. స్టీరియో ఎంపీత్రీగా, 128 కేబీపీఎస్‌లో చేస్తే నిమిషానికి సుమారు 1 ఎంబీ అవుతుంది, దాన్ని డాక్యుమెంట్‌గా జతచేసి పంపండి, మీ దగ్గర ఎట్లా వినబడిందో అవతల కూడా అట్లాగే వినబడుతుంది.