నాటిక రాశాక పరిషత్తుకు ఎలా పంపాలి?

"నాటిక రాసిపెట్టుకున్నాను, పరిషత్తు పోటీకి నేనే పంపొచ్చా?" అని అడిగారు. సాధారణంగా కుదరదు. పరిషత్తు అంటే నాటక పోటీలు నడిపే సంస్థ. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది. ఆ తరహా పరిషత్తులు పోటీకి పిలిచేది నాటక సమాజాలను, అంటే నాటకాలు ఆడే బృందాలను. రచయితగా మీరు ఇచ్చేది స్క్రిప్టు, అనుమతి పత్రం. అందుకే ముందు సమాజం ఉన్న ఒక దర్శకుణ్ణి పట్టుకోండి. రచయితలే నేరుగా పంపే రచన పోటీలు వేరే ఉంటాయి. వాటికి ఇది మీ సొంత రచనేనని హామీపత్రం అడుగుతారు. వేరొకరి కథను నాటకీకరిస్తే వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట చాలదు.

ఇక రాయడం. నాటిక అంటే గంట లోపే. ఒకే సెట్టు, ఐదారు పాత్రలైతే సమాజాలు ధైర్యంగా తీసుకుంటాయి. కొత్తవాళ్లు సినిమా చూసినట్టు రాస్తారు, అదే అసలు చిక్కు. రెండో రంగం చివర పెళ్లిచీరలో ఉన్న అమ్మాయి మూడో రంగం మొదట్లోనే నేతచీరలో కనిపించాలంటే ఎలా? ఆమె చీర మార్చుకునేదాకా స్టేజీ మీద ఇంకెవరో మాట్లాడుతుండాలి, ఆ మాటలు కథను నడపాలి కూడా. పంపేముందు నలుగురిని కూర్చోబెట్టి పాత్రలవారీగా పైకి చదివించండి. వాళ్లు తడబడిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టుకుని, ఆ డైలాగు కుదించండి.