చిల్లర వైపు కూడా చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

జర్మన్ రాజ్యాల వెండి నాణేలపై నీవు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. 1520 ప్రాంతంలో బొహీమియాలోని (నేటి చెక్ దేశంలో ఉంది) యోహాఖిమ్స్‌టాల్ గనుల వెండితో ష్లిక్ ప్రభువులు పెద్ద నాణేలు కొట్టించిన సంగతి, ఆ ఊరి పేరు కుదించుకుపోయి థాలర్ అయిన తీరు చక్కగా చెప్పావు. కానీ 1619 తర్వాతి నాణేల సంక్షోభం దగ్గరికి వచ్చేసరికి, థాలర్‌లో కల్తీ జరిగిందని ఒక్క ముక్కలో తేల్చేశావు. కల్తీ ముఖ్యంగా జరిగింది చిల్లరలో. నేను కూడా తొలి రోజుల్లో అందమైన పెద్ద నాణేల వెంటే పడి ఈ సంగతి గమనించలేదు.

1566 నాటి పవిత్ర రోమన్ సామ్రాజ్య నాణేల కట్టడి ప్రకారం ఒక కొలోన్ మార్కు తూకం, అంటే సుమారు 234 గ్రాముల మేలిమి వెండి నుంచి 9 రైఖ్స్‌థాలర్లు, అంటే సామ్రాజ్య థాలర్లు, రావాలి. కలిపే కొద్దిపాటి రాగితో సహా ఒక్కొక్కటి 29 గ్రాముల పైచిలుకు, మన లెక్కలో రెండున్నర తులాలు. అంత పెద్ద నాణేనికి కొట్టుకూలి లెక్కలోకి రాదు. అదే వెండిని క్రూట్సర్లు, ఫెన్నిగ్‌లు అనే చిల్లర నాణేలుగా మార్చాలంటే వందల బిళ్లలు కత్తిరించి, ప్రతిదానిపైనా అచ్చు వేయాలి. కట్టడి కోరినంత వెండి వేస్తే టంకశాలకు నష్టమే. అందుకే రాగి పాలు కొద్దికొద్దిగా పెరిగింది. 1618లో ముప్పై ఏళ్ల యుద్ధం మొదలై ప్రభువులకు సొమ్ము అత్యవసరమయ్యాక హద్దులు చెరిగిపోయాయి.

ఇక్కడ నీ కలం కాసేపు నిలిచి ఈ దృశ్యం చూపాలి. తక్కెడ పట్టుకున్న ఒక వ్యాపారి పాత నాణేలను ఒక్కొక్కటే పళ్లెంలో వేస్తాడు. బరువైనది కిందికి దిగగానే పక్కకు తీసి, కొలిమికి పంపి, రాగి కలిపి మళ్లీ చెలామణిలోకి వదులుతాడు. పళ్లెం అలా పైకీ కిందికీ ఊగడాన్ని బట్టే ఇలాంటి వ్యాపారులకు విప్పర్ అన్న పేరు వచ్చింది. 1566లో 68 క్రూట్సర్లుగా నిర్ణయించిన థాలర్ విలువ 1622 నాటికి వందల్లోకి ఎగబాకింది. స్థిర జీతం మీద బతికే బడిపంతులు చేతిలో రాగి బిళ్లలు మిగిలాయి. చివరికి పన్నులు కూడా ఆ చెత్త నాణేల్లోనే తిరిగి రావడంతో ప్రభువులకే కళ్లు తెరుచుకున్నాయి. 1623లో పలుచోట్ల థాలర్‌ను 90 క్రూట్సర్ల దగ్గర నిలిపారు.

మరియా థెరీసా థాలర్‌పై రాసిన పేరాను తీసివేయి. అది ఆస్ట్రియా నాణెం, దాని కథ వేరు. ఆ చోటు బడిపంతులుకు ఇచ్చి తిరిగి పంపు.