మీ ఆయన ఎందుకు నవ్వారు?

అమ్మా,

సియాటిల్‌లో మీరూ మీ ఆయనా ఒకే కంపెనీలో పనిచేస్తున్నారు. లంచ్‌లో తెలుగువాళ్ళంతా ఒకచోట చేరతారు. ఆంధ్రా ఎన్నికలతో మొదలైన మాట రిజర్వేషన్ల మీదికి మళ్ళుతుంది. ‘కోటాలో సీటొచ్చినవాళ్ళకి కోడింగ్ ఏం వస్తుంది’ అని ఒకాయన అంటే, అందరితోపాటు మీ ఆయనా నవ్వారు. మీరు దళితురాలని అక్కడ ఆయనకొక్కరికే తెలుసు. హెచ్ఆర్‌కి ఫిర్యాదు చేయనా, టీమ్ మారిపోనా అని అడిగారు.

దానికి జవాబు చిన్నది. టీమ్ మారకండి. ఎవరేమన్నారో, ఏ రోజన్నారో రాసిపెట్టుకోండి. సియాటిల్ 2023 ఫిబ్రవరిలోనే కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. ఒక్క మాటతో కేసు నిలబడుతుందని చెప్పను. వ్యవహారం మీ రేటింగ్ దాకానో ప్రమోషన్ దాకానో వస్తే ఆ రాత అక్కరకొస్తుంది.

ఉత్తరం చివర మాటవరసకన్నట్టు ఇంకో సంగతి రాశారు. నన్ను పట్టుకున్నది అదే. స్నేహితులు భోజనానికొస్తున్నారంటే మీ ఆయన హాల్లో ఉన్న అంబేడ్కర్ ఫొటో తీసి బీరువాలో చీరల కింద పెడతారు. మీ నాన్నగారు పెళ్ళికిచ్చిన ఫొటో అది. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ మేకుకు తగిలించేది మీరే. ‘నిన్నెవరూ ఏమీ అనకూడదనే’ అంటారాయన. అందులో ప్రేమ లేదనను. కానీ మీ పుట్టుక దాచుకోవాల్సిందేనని ఆయనే ఒప్పేసుకున్నట్టయింది కదా! ఇంట్లోవాళ్ళను ఎదిరించి మిమ్మల్ని పెళ్ళి చేసుకున్న మనిషి, లంచ్ టేబుల్ దగ్గర నలుగురికి జంకడమేమిటి?

కులం చెప్పుకోవాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. ఆయన నోరు విప్పడానికి మీ కులం బయటపెట్టక్కర్లేదు. ‘ఇలాంటి మాటలు నా దగ్గరొద్దు’ అంటే చాలు. ఆ మాట ఆయన అంటే మహా అయితే ఒక స్నేహం చల్లబడుతుంది. అదే మీరు అంటే చూపులు మారతాయి, ఇంటిపేరు ఆరా తీస్తారు. అందుకే ఆ మాట అనాల్సింది ఆయన.

ఈ వారాంతంలో కూర్చోబెట్టి మాట్లాడండి. ఆ ఫొటో ఇక గోడ దిగదని చెప్పండి. మీ నాన్నగారు అమెరికా వస్తే ఆయన్ని ఏ గదిలో దాస్తారో అడగండి. కొంచెం టైమ్ కావాలంటే ఇవ్వండి, భయం ఒక్కరోజులో పోయేది కాదు. ‘నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావు’ అని కొట్టిపారేస్తే మాత్రం, రేపు ఫిర్యాదు పెట్టాల్సి వచ్చినప్పుడు ఆయన అనుమతి కోసం ఆగకండి.